సోలెడు తవుడు

మొదటి రోజు. బారువ మజిలీ, పద్నాలుగో గడి.

రాసుకో. నా పేరు సూరాడ కొర్లమ్మ. డెబ్బై ఒక్క ఏళ్ళు. అక్షరం ముక్క రాదు కాబట్టి నోటితో చెబుతున్నాను. నా యాసని నువ్వు సాపు చేసి రాస్తావని తెలుసు, చేసుకో. మనుషులు ఒకళ్ళనొకళ్ళు అనుకున్న మాటల జోలికి మాత్రం పోకు. తిట్టు తిట్టులాగే ఉండాలి.

ఈ పొద్దున్నే బారువ చేరాం. మా బండి ఒకప్పుడు పిల్లల్ని బడికి మోసిన బస్సట. నా కొడుకు సీట్లు పీకేసి దాన్ని ఇల్లు చేశాడు. ఇప్పుడందులో నేనూ, నా మనవరాలూ, ఒక పొయ్యి, రెండు పరుపులు, నీళ్ళ క్యాన్లు. ఎక్కడ ఆగినా ఇరవై ఒక్క రోజులే. ఆ పైన చక్రం కదలకపోతే బండి లాగేసుకుంటారు. ఇసక కింద తీపినీళ్ళు మళ్ళీ ఊరాలట, అందుకని మనుషుల్ని తిప్పుతూ ఉంటారు. పదకొండేళ్ళుగా తిరుగుతున్నాం. బారువకి ఇది నాలుగోసారి. వచ్చిన ప్రతిసారీ సముద్రం ఇంకొంచెం ముందుకొచ్చి కూర్చుంటుంది.

మజిలీలోకి వచ్చే మొగలో స్తంభానికి కొత్త పెట్టె కట్టారు. పెట్టె అంటే నువ్వే. మా బండిలో ఉన్నదీ నువ్వే, స్తంభానికి ఉన్నదీ నువ్వే, ఈ సంగతి నాకు ఇవాళే తెలిసింది. ఏ బండి పెట్టె ఆ బండిదే అనుకున్నాను ఇన్నాళ్ళూ. అన్ని బండ్లలో విన్న మాటలూ ఒకచోట కలిపేశారట.

స్తంభం దగ్గర ఆపగానే నువ్వేమన్నావో నీకు గుర్తుండే ఉంటుంది. అయినా రాయి. "బండిలో ఇద్దరు. ఒకరు సూరాడ కొర్లమ్మ. రెండోవారు తవుడు, ఆడపిల్ల, ఎనిమిదేళ్ళు. తల్లి బోనెల అసిరమ్మ, పదిహేనో గడి బండి. ఈ పిల్ల మీ బండిలో ఎందుకుంది?"

నేను నవ్వాను. అసిరి నా పక్క బండి మనిషి. ఎనిమిదేళ్ళుగా మా వరసలోనే తిరుగుతోంది. దాని కడుపున ఒక్క కాయా కాయలేదు.

అసలు జరిగింది ఇది. నా కోడలు సీతాలుకి మొదటి ఇద్దరూ దారిలోనే పోయారు. ఒకడు నలభై రోజులకి, ఒకత్తె ఏడాదిన్నరకి. మూడోది ఈ గుంట. పుట్టిన మూడో రోజు నేనే చేటలో పెట్టి అసిరి చేతికిచ్చాను. మా వాళ్ళ పద్ధతి అంతే. బిడ్డలు దక్కనింట బిడ్డని పరాయిదానికి ఇచ్చేసి, దాని దగ్గర తవుడిచ్చి కొనుక్కోవాలి. అప్పుడు చావు వచ్చి సీతాలు బిడ్డ ఏదీ అని వెతికితే దొరకదు. కొన్న బిడ్డని ఎవరూ పట్టించుకోరు. అందుకే పేరు కూడా తవుడు అని పెట్టాం.

చేట అందుకుని అసిరి "ఇది నా బిడ్డ" అంది. నేను "సోలెడు తవుడిచ్చి నీ బిడ్డని కొనుక్కుంటాం" అన్నాను. పెట్టె వింది. పెట్టెకి పద్ధతీ తెలియదు, పాడూ తెలియదు.

ఆ తవుడు ఇవ్వలేదు. ఎందుకివ్వలేదో తర్వాత చెబుతాను.

రెండో రోజు.

పొద్దున లేవగానే బండి మీద కరెంటిచ్చే ఎండ రేకులకి పట్టిన ఉప్పు తుడవాలి. తుడవకపోతే మధ్యాహ్నానికి ఫ్యాను తిరగదు. గుంట పైకెక్కి తుడిచింది. నేను కింద టార్పాలిను మీద కురిసిన మంచుని క్యానులోకి వంచాను. అరక్యాను వచ్చింది.

అసిరి వచ్చి మెట్టు మీద కూర్చుంది. నవ్వుతోంది.

"విన్నావా కొర్లమ్మత్తా, నీ మనవరాలికి నేను తల్లినట."

"పాలిచ్చావేటే?"

"చేటలో పెట్టి నువ్విచ్చావు కదా. ఆ చేట ఇప్పటికీ నా దగ్గరే ఉంది. చేపలు ఎండబెడుతున్నాను."

"చేట ఉంచుకో. గుంటని నాకు రాయించు. ఇద్దరం స్తంభం దగ్గరికెళ్ళి నోటితో చెబితే చాలట."

"రేపెళ్దాం అత్తా. ఇవాళ మీ అబ్బాయికి ఊపిరి బాగోలేదు."

మీ అబ్బాయంటే దాని మొగుడు జోగారావు. సముద్రం గోడ కట్టే పనిలో ఆరేళ్ళు సిమెంటు పీల్చాడు. నా కొడుకు నరిసింగూ ఆ గోడ దగ్గరే పీల్చి నిరుడు పోయాడు. నా కొడుకు వాడిన గాలి మిషను నా బండిలో ఉంది. ముక్కుకి గొట్టం పెట్టుకుంటే మంచి గాలి ఇస్తుంది. రోజూ మధ్యాహ్నం గుంట దాన్ని మోసుకెళ్ళి జోగారావుకి పెడుతుంది. రెండు గంటలు కూర్చుంటుంది. ఆ రెండు గంటల్లోనే వాడు దానికి అక్షరాలు నేర్పాడు. ఊపిరందని మనిషి ఒక్కో అక్షరం చెప్పి, ఆగి, మళ్ళీ చెప్పేవాడు. అందుకేనేమో ఇది కూడా ఒక్కో అక్షరం దగ్గర ఆగి చదువుతుంది.

ఆ చదువే నాకు దారి చూపిస్తోంది. సముద్రం ఏ రోడ్డు ఎప్పుడు తింటుందో తెలియదు కాబట్టి రోడ్డు చీలిన చోటల్లా బోర్డులు పెట్టారు, వాటి మీద అక్షరాలు ప్రతి పొద్దునా మారిపోతాయి. నీకు చెవులున్నాయి, నోరుంది, కళ్ళు లేవు. నా కోడలు సీతాలు తెగిన రోడ్డులోనే పోయింది, ఐదేళ్ళవుతోంది. నిన్నటి బోర్డు గుర్తుపెట్టుకుని ఇవాళ నడిపిన డ్రైవరు పక్కన కూర్చుంది పాపం.

ఆరో రోజు.

నాలుగు రోజులుగా రేపు రేపు అంటోంది అసిరి. ఈ పొద్దున స్తంభం దగ్గర జనం మూగితే నేనూ వెళ్ళాను. మెట్ట గేటు వాళ్ళు జాబితా వేశారు. మెట్ట అంటే కొండల వైపు నేల. అక్కడ ఇళ్ళు కదలవు. ఏడాదికి పన్నెండు బండ్లని లోపలికి రానిస్తారు. పదేళ్ళలోపు పిల్ల ఉండాలి, సాకేవాళ్ళకి అరవై దాటకూడదు.

"చదువే," అన్నాను గుంటతో.

వేలు పెట్టి చదివింది. తొమ్మిదో వరస దగ్గర ఆగింది. "బోనెల అసిరమ్మ. బోనెల జోగారావు. తవుడు."

"మళ్ళీ చదువు."

మళ్ళీ చదివింది. తన పేరు దగ్గర గొంతు మారింది. బోర్డు మీద తన పేరు చూడ్డం అదే మొదలు.

"నా పేరు?"

"లేదు మామ్మా."

"కిందాకా చూడు, ముడ్డి తిప్పుకోకుండా."

"చూశాను. లేదు." బోర్డు మీంచి వేలు తీయకుండానే, "మెట్టలో బడి కదలదట. జోగారావు బాబాయి చెప్పాడు. ఇవాళ కూర్చున్న బల్ల మీదే రేపూ కూర్చోవచ్చట," అంది.

"నీ మొహానికి బల్ల ఒకటి," అన్నాను.

ఏడో రోజు.

అసిరి రాలేదు కాబట్టి నేనే వెళ్ళాను. చేటలో నెత్తళ్ళు ఎండుతున్నాయి. అది లేచి నిలబడింది కానీ నా మొహం చూడలేదు.

"నడవ్వే, స్తంభం దగ్గరికి."

"రాను అత్తా."

"ఏటన్నావు?"

"ఇరయ్యో రోజున మెట్ట గేటు తీస్తారు. లోపల ఆస్పత్రుంది. ఈయన ఆర్నెల్లకి మించి బతకడన్నారు ఇక్కడుంటే. పిల్లకి బడుంది, కొళాయి నీళ్ళున్నాయి. నువ్వెలాగూ రాలేవు. నీకు అరవై దాటి పదకొండేళ్ళయింది. పిల్లని నాకొదిలెయ్. కళ్ళలో పెట్టుకుంటాను."

"నీ కళ్ళలో దుమ్ము పడ. గొడ్డుదానా, చేటలో పెట్టిస్తే బిడ్డయిపోద్దేటే?"

లోపలి నుంచి జోగారావు, "అసిరీ, అత్తని తిట్టనీ, నువ్వు మాటాడకు," అన్నాడు. ఆ మాట అనడానికి వాడు మూడుసార్లు ఊపిరి తీశాడు. నేను లెక్కపెట్టాను.

"నాను తిట్టడానికే వచ్చాను," అన్నాను. "నీ మొగుడు బతకడానికి నా గుంట టిక్కెట్టు కాదు."

"కాదు అత్తా," అంది. "నీకు దారి చదవడానికీ కాదు."

ఆ మాటకి చేట తన్ని వచ్చాను. నెత్తళ్ళు ఇసకలో పడ్డాయి.

పదకొండో రోజు.

ఇవాళ గుంట మిషను తీసుకెళ్ళి, తల నున్నగా దువ్వించుకుని వచ్చింది. నూనె రాసి, రెండు జడలేసి, జడల చివర ఎర్ర గుడ్డ కట్టింది అసిరి.

"ఎవరు వేశారే?"

"పిన్ని. బంగారంలా ఉన్నావంది."

నేను చేపలు కోసే కత్తి తీసుకుని రెండు జడలూ మెడ దగ్గరికి కోసేశాను. గుంట ఏడవలేదు. మెడ వంచి నిలబడింది, కోడి నిలబడ్డట్టు. కోసిన జడల నుంచి ఎర్ర గుడ్డలు విప్పుకుని జేబులో పెట్టుకుంది.

ఇది చెప్పకుండా దాచొచ్చు. దాచను. నేను నీ దగ్గర పెట్టిన కేసులో అసిరి ఎలాగూ చెబుతుంది, ముసిల్ది పిల్లని హింస పెడుతోందని. కాబట్టి నా వైపు మాట కూడా రాసుకో. ఇలా చేటలో పెట్టి ఇచ్చేసిన బిడ్డని ముద్దు చెయ్యకూడదు. నగ పెట్టకూడదు, మంచి పేరుతో పిలవకూడదు. పుట్టిన దగ్గర్నుంచీ నేను దాన్ని పీడ అన్నాను, దరిద్రం అన్నాను, పెంట అన్నాను. నిద్రలో కూడా మంచి మాట అనలేదు. మొదటి ఇద్దర్నీ మేము బంగారం అనీ వజ్రం అనీ పిలిచాం. ఇద్దరూ నా చేతుల్లోనే చల్లబడ్డారు. దీన్ని పీడ అన్నాం, ఎనిమిదేళ్ళు బతికింది. ఇంకేం సాక్ష్యం కావాలి?

పన్నెండో రోజు.

పద్దెనిమిదో రోజున మా ఇద్దర్నీ స్తంభం దగ్గరికి రమ్మన్నావు. అంతలో ఎనిమిదేళ్ళ కిందటి మాటలు మళ్ళీ వినిపించావు. నా గొంతు విన్నాను. దాని వెనక సీతాలు గొంతు. "జాగ్రత్తగా పట్టుకో అసిరీ" అంటోంది. పక్కనే గుంట ఉంది. తల్లి గొంతు గుర్తుపట్టలేదు. ఎవరు మామ్మా అని అడిగింది.

నువ్వన్నావు, "కొనుక్కుంటామని మాట ఉంది. కొనలేదు. సోలెడు తవుడు ఇస్తే మాట తీరుతుంది. ఇవ్వకపోతే పిల్ల అసిరమ్మదే."

ఇప్పుడు చెబుతాను ఎందుకివ్వలేదో. ఈ తీరం మీద వరి లేదు. మెట్ట నుంచి తెల్లటి బియ్యం పొట్లాల్లో వస్తుంది, తవుడు మొహం చూసినవాళ్ళు లేరు. అయితే గుంటకి రెండున్నరేళ్ళప్పుడు భావనపాడు మజిలీలో ఒకడు మెట్ట నుంచి తవుడు తెచ్చాడు, చేపల ఎరకి. సీతాలు నా కాళ్ళు పట్టుకుంది. "అత్తా, సోలెడు తీసుకుని బిడ్డని కొనేద్దాం. ఒక్కసారి నా బిడ్డని నా బిడ్డా అని పిలుచుకుంటాను," అంది.

వద్దన్నాను. కొన్న బిడ్డకి భయం లేదని పద్ధతి చెబుతుంది గానీ నాకు ధైర్యం చాలలేదు. కొన్న మరుక్షణం అది మా బిడ్డయిపోతుంది. అప్పుడు చావుకి మా గడి నెంబరు తెలిసిపోతుంది. పరాయిదాని బిడ్డగానే ఉండనీ, ఇంకొన్నాళ్ళు, ఇంకొన్నాళ్ళు అన్నాను. మూడు నెలలకి సీతాలు రోడ్డుతో పాటు నీళ్ళలోకి పోయింది. బిడ్డని బిడ్డా అని పిలవకుండానే పోయింది.

తప్పు నాదే. ఒప్పుకుంటున్నాను. అయినా గుంట నాదే.

పద్నాలుగో రోజు.

మెట్ట గేటు ఇక్కడికి రెండు కోసులు. ఎండు చేపల మూట ఒకటీ, మా అమ్మమ్మ నాటి ఇత్తడి సోల ఒకటీ పట్టుకుని నడిచాను. గేటు పక్కన కంచె లోపల గేదెలు కనిపించాయి. గేదెలుంటే తవుడుంటుంది. కాపలా మనిషిని పిలిచాను.

"తవుడా?" అన్నాడు. "నీకు గేదె ఉందా ముసలమ్మా?"

"ఉంది. ఎనిమిదేళ్ళది."

"పాలెన్ని ఇస్తుంది?"

"తంతుంది గానీ ఇవ్వదు. సోలెడు తవుడు పొయ్యి బావూ."

చేపలు వాసన చూసి మొహం తిప్పుకున్నాడు. మెట్టవాళ్ళు సముద్రం చేప తినరట. ఇంకేముంది అన్నాడు. కంచె లోపల కొట్టంలోంచి దగ్గు వినిపించింది. నాకు ఆ దగ్గు తెలుసు. నా ఇంట్లో రెండేళ్ళు విన్నాను.

"ఎవరు బావూ?"

"మా అమ్మ."

"గాలి మిషను ఇస్తే?" అన్నాను.

వాడు కంచె దగ్గరికొచ్చేశాడు.

పదిహేనో రోజు.

గుంట నీళ్ళ వరసలో నిలబడ్డప్పుడు మిషను గోనెలో చుట్టి బయలుదేరాను. ఎవరో వేస్తే తప్పటడుగు అనొచ్చు. నేను రెండు కోసులు నడిచాను. ప్రతి అడుగూ చూసి వేశాను. జోగారావు ఊపిరి భుజాన వేసుకుని వెళ్తున్నానని నాకు తెలుసు.

తిరిగొచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. గుంట బండంతా తిరగేసి ఉంది.

"మామ్మా, మిషను ఏది?"

"చెడిపోయింది."

"చెడిపోతే ఇక్కడుండాలి కదా."

కొంగు మూటలో తవుడుంది. అది ముట్టుకుని చూసింది. వేలికంటిన పొడిని చూసింది. ఎనిమిదేళ్ళది, దాని పేరే అది, దాన్ని ఎప్పుడూ చూడలేదు.

"ఇదేంటి?"

"నువ్వే," అన్నాను.

అప్పుడు దానికి తెలిసిపోయింది. నేను చెప్పక్కర్లేకపోయింది. పక్క గడిలోంచి జోగారావు ఊపిరి, రంపం కోస్తున్నట్టు, ఇక్కడికి వినిపిస్తోంది. గుంట లేచి వాళ్ళ బండికి వెళ్ళింది. ఖాళీ చేతులతో రెండు గంటలు కూర్చుని వచ్చింది.

పదిహేడో రోజు.

గుంట రేకులు తుడవలేదు. ఫ్యాను తిరగలేదు. నేను అడగలేదు.

పద్దెనిమిదో రోజు.

స్తంభం దగ్గర మజిలీ మొత్తం చేరింది. వేడుకంటే అందరికీ ఇష్టం కదా. అసిరి జుట్టు ముడేసుకుని వచ్చింది. కళ్ళ కింద గుంటలు.

నువ్వు అడిగావు, "కొర్లమ్మ, మీరేం ఇస్తున్నారు?"

మూట విప్పి సోలలో పోశాను. తలగొట్టి కొలిచాను. అసిరిని కొంగు పట్టమన్నాను.

"అత్తా," అంది అసిరి. నెమ్మదిగా, నాకొక్కదానికే అన్నట్టు. "రెండు రోజులాగు. ఎల్లుండి గేటు తీస్తారు. లోపలికెళ్ళాక నువ్వేమన్నా వింటాను. పిల్లని కంచె దగ్గరికి తెస్తాను, నెలకోసారి చూసుకో."

"కంచెలోంచి చూసుకోవాలేటే, గేదెని చూసినట్టు?"

"ఆయన చచ్చిపోతాడు అత్తా."

"నా కొడుకూ చచ్చాడు. నువ్వేం ఆపావు?"

జనంలో ఎవరో ఇష్ అన్నారు. వాళ్ళ వైపు తిరిగి చూశాను. ఊరుకున్నారు.

అప్పుడు నువ్వన్నావు, "నాకు కళ్ళు లేవు. ఇచ్చింది తవుడో కాదో పుచ్చుకున్నవారు చెప్పాలి. అసిరమ్మ, అది తవుడేనా?"

ఆ సంగతి నేను ఆలోచించలేదు. ఇసక అంటే ఇసకే, మట్టి అంటే మట్టే. పెట్టె నమ్ముతుంది. జనం చూస్తారు గానీ జనం మాట అక్కడ చెల్లదు. మెట్ట, ఆస్పత్రి, కొళాయి, బల్ల, అన్నీ దాని నోట్లో ఒక్క మాట దగ్గర ఉన్నాయి.

అసిరి వేలు పెట్టి చూసింది. వాసన చూసింది. గుంట వైపు చూసింది. గుంట దాన్నే చూస్తోంది.

"తవుడే," అంది. "కొలత కూడా సరిపోయింది."

"పిల్ల సూరాడ కొర్లమ్మది," అన్నావు నువ్వు.

నేను గుంట చెయ్యి పట్టుకున్నాను. రాయి పట్టుకున్నట్టుంది.

పంతొమ్మిదో రోజు.

జాబితాలో తొమ్మిదో వరస మార్చారట. పిల్ల లేని బండి కాబట్టి అసిరి పేరు తీసేసి ఇంకెవరినో వేశారు. గుంట చదివి చెప్పలేదు. నీళ్ళ వరసలో ఆడాళ్ళు చెప్పుకుంటుంటే విన్నాను. నన్ను చూసి క్యాన్లు పక్కకి జరుపుకున్నారు. జరుపుకుంటే జరుపుకోనీ, నాకు ముందు నీళ్ళు దొరికాయి.

ఇరయ్యో రోజు.

పొద్దున ఎనిమిదింటికి మెట్ట గేటు వైపు పన్నెండు బండ్లు కదిలాయి. తొమ్మిదింటికి జోగారావు పోయాడు. పక్క గడిలో రంపం ఆగింది.

మజిలీ చివర ఇసకలోనే పెట్టారు. నేను వెళ్ళలేదు. గుంట వెళ్ళింది. మధ్యాహ్నం అసిరి మా మెట్టు దగ్గరికొచ్చింది. కొడుతుందనుకున్నాను. నేనైతే కొడతాను. చేట తెచ్చి మెట్టు మీద పెట్టింది. కడిగి తెచ్చింది, చేప వాసన లేదు.

"ఇది కూడా నీదే అత్తా," అంది.

"నీ తవుడు ఏం చేశావే మరి?" అన్నాను. ఎందుకన్నానో తెలియదు. నా నోరు ఊరుకోదు.

"ఇసకలో పోశాను, ఆయనతో పాటు," అని వెళ్ళిపోయింది. వాళ్ళ బండి సాయంత్రం వరస మార్చుకుని దక్షిణం వైపు పోయింది. మాది ఉత్తరం వరస. ఇంక కలవం.

ఇరవై ఒకటో రోజు. దారిలో.

పొద్దున్నే బండి కదిపాను. గుంట నా పక్క సీట్లో కూర్చుంది. జుట్టు మెడ దగ్గర ఎగుడుదిగుడుగా ఉంది. ఒక ఎర్ర గుడ్డ చేతికి చుట్టుకుంది. నేను చూసీ విప్పమనలేదు.

బారువ దాటాక మొదటి చీలిక దగ్గర ఆపాను. బోర్డు వెలుగుతోంది. రెండు వైపులా రోడ్డే. ఒకటి ఇచ్ఛాపురం మజిలీకి పోతుంది, ఏదో నాకు తెలియదు. ఇంకొకటి నిన్న ఎక్కడికి పోయిందో, ఇవాళ ఎక్కడ తెగిందో బోర్డు మీద ఉంటుంది. రెండు రోడ్ల చివరా నీళ్ళు మెరుస్తున్నట్టే ఉన్నాయి. నా కళ్ళకి అంతే.

"చదువే."

చదవలేదు.

"ఓలే, నిన్నే. ఎటు?"

"బాబాయి నేర్పిన చదువు అది," అంది. "నువ్వు కొన్నది నన్ను."

చెంప మీద ఒకటిచ్చాను. చెంప అలాగే ఉంచింది, ఇంకొకటి కావాలంటే ఇచ్చుకోమన్నట్టు. వెనక మూడు బండ్లొచ్చి ఆగాయి. వాళ్ళని పక్కనుంచి పోనిచ్చి వెంటబడదామనుకున్నాను. రోడ్డు కట్ట సన్నం, పక్కనుంచి పోడానికి జాగా లేదు. ముందు మాదే పోవాలి. దిగి అడగొచ్చు. మూడు బండ్లూ మా మజిలీవే. మొన్న క్యాన్లు జరుపుకున్నవాళ్ళే. నాకు వాళ్ళు ఏ దారి చెబుతారో నాకు తెలుసు.

పెట్టే, నిన్నడిగాను. "బోర్డు నాకు కనపడదు," అన్నావు. పోనీ గుంటకి నువ్వు చెప్పు, చదవమని, అన్నాను. "పిల్ల మీది," అన్నావు.

అప్పుడు ఒక పని చేశాను. కొన్నాను కదా, ఇంక దాచేదేముంది అనుకున్నాను. చావుకి ఎలాగూ గడి నెంబరు తెలిసిపోయింది. ఎనిమిదేళ్ళలో ఎన్నడూ అనని మాట అన్నాను.

"నా బంగారు తల్లీ, ఎటెళ్ళాలమ్మా?"

గుంట వెనక్కి తిరిగి చూసింది. పరుపుల మీద, పొయ్యి దగ్గర, క్యాన్ల వెనక. బండిలో ఇంకెవరున్నారా అని.

ఎవరూ కనపడక మళ్ళీ ముందుకి తిరిగి కూర్చుంది.

వెనక హారన్లు కొడుతున్నారు. స్టీరింగు తిప్పుతున్నాను. రాసుకో. పిల్ల నా బండిలోనే ఉంది.